ఆరో గంట కోసం సాధన: దూరపు మౌంటెన్ బైక్ రేసుకు సిద్ధం కావడం

నా మొదటి వంద కిలోమీటర్ల రేసు 71వ కిలోమీటరు దగ్గర ముగిసింది. అప్పటికి ఆరు గంటలు దాటింది. కాళ్లలో ఇంకా సత్తువ ఉంది, ఊపిరి కూడా సరిగానే ఆడుతోంది. రాళ్లు పరుచుకున్న ఒక పొడవాటి వాలులో బ్రేకు నొక్కుదామంటే వేళ్లు ముడుచుకోలేదు. ముంజేతులు బిగుసుకుపోయాయి. సైకిలు దిగి నడిపించుకుంటూ వెళ్లాను. తర్వాతి చెక్‌పాయింట్ చేరేసరికి గడువు దాటిపోయింది. అంతకు ముందు ఎనిమిది నెలలు నేను సాధన చేయించింది కాళ్లకే. చేతులకూ మెడకూ కడుపుకూ ఒక్క రోజు కూడా కేటాయించలేదు.

ఆ తర్వాత అలాంటి రేసులు నాలుగు పూర్తి చేశాను. ఇప్పుడు సాధనలో ఏ పని పెట్టుకున్నా, ఏ సామాను కొన్నా ఒకే ప్రశ్న వేసుకుంటాను: ఆరో గంటలో ఇది నాకు పనికొస్తుందా? కింద రాసినవన్నీ ఆ ప్రశ్నకు నేను వెతుక్కున్న సమాధానాలే. సాధన మొదలుపెట్టే ముందు ఒకసారి వైద్యుణ్ణి కలవండి. తొక్కేటప్పుడు ఛాతీలో నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా ఈ పరీక్షను అసలు వాయిదా వేయకూడదు.

ముందు మీ రేసును చదవండి

దూరం ఒక్కటే చూసి సాధన మొదలుపెట్టకండి. అమెరికాలోని కొలరాడోలో 1994 నుంచి జరుగుతున్న లెడ్‌విల్ రేసునే తీసుకోండి. అది ఒకే రోజులో సుమారు 160 కిలోమీటర్లు. మొదలయ్యే చోటే సముద్ర మట్టానికి 3,000 మీటర్ల పైన ఉంటుంది, ముగించడానికి 12 గంటల గడువు. దక్షిణాఫ్రికాలో జరిగే కేప్ ఎపిక్ 2004లో మొదలైంది. అది 8 రోజులు సాగుతుంది, ఇద్దరు జట్టుగా తొక్కాలి. ఆ ఇద్దరి మధ్య రెండు నిమిషాలకు మించి ఎడం రాకూడదు. మొదటి రేసుకు పలచటి గాలిలో ఒక సుదీర్ఘమైన రోజును తట్టుకునే శరీరం కావాలి. రెండో దానికి మర్నాడు లేచి మళ్లీ సీటు మీద కూర్చోగల శరీరం కావాలి, పక్కవాడి వేగానికి తగ్గట్టు తొక్కే ఓర్పు కావాలి. ఒకే పట్టిక రెండింటికీ సరిపోదు.

మీ రేసు గురించి మూడు విషయాలు కాగితం మీద రాసుకోండి: మొత్తం ఎక్కాల్సిన ఎత్తు, దారి స్వభావం, ప్రతి చెక్‌పాయింట్ గడువు. తర్వాత దూరాన్ని గంటల్లోకి మార్చండి. చదునైన తారు రోడ్డు మీద గంటకు 25 కిలోమీటర్లు పోయే మనిషి అడవి బాటలో 12 పోతే చాలా మంచి వేగం. నా వంద కిలోమీటర్ల రేసులో ఎక్కాల్సిన ఎత్తు 2,600 మీటర్లు, అంటే ఎనిమిది గంటలకు పైగా పని. ఈ లెక్క వేసుకున్నాక కిలోమీటర్లు చూడటం మానేసి గంటలనూ ఎత్తునూ లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

ఇరవై నాలుగు వారాలు

ఇప్పటికే వారానికి మూడు సార్లు తొక్కుతున్నవారికి ఆరు నెలలు చాలు. వారానికి ఎనిమిది నుంచి పది గంటలు నా సగటు. అతి బరువైన వారంలో కూడా పదమూడు దాటలేదు.

మొదటి పది వారాలు దాదాపు అంతా తేలిక వేగమే. తేలిక అంటే పక్కనున్న మనిషితో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవాల్సి వస్తే వేగం ఎక్కువైనట్టే. చాలామంది తప్పు చేసేది ఇక్కడే. ప్రతి రోజూ ఒక మోస్తరు కష్టంగా తొక్కుతారు. దాంతో తేలిక రోజున విశ్రాంతి దొరకదు, కష్టమైన రోజున గట్టిగా తొక్కే బలం మిగలదు. నెమ్మదిగా తొక్కే ఈ వారాల్లోనే గుండె, కండరాల్లోని సన్నని రక్తనాళాలు, కొవ్వును ఇంధనంగా వాడుకునే శక్తి పెరుగుతాయి. దయచేసి దీన్ని నమ్మండి. నేను నమ్మడానికి రెండేళ్లు పట్టింది.

వారానికి ఒక సుదీర్ఘ సవారీ ఉండాలి. రెండున్నర గంటలతో మొదలుపెట్టి అరగంట చొప్పున పెంచుతాను. మూడు వారాలు పెంచాక నాలుగో వారంలో మొత్తం గంటలను మూడో వంతు తగ్గిస్తాను. సుదీర్ఘ సవారీ ఆరున్నర గంటలు చేరితే చాలు. రేసు దూరం మొత్తం సాధనలో తొక్కాల్సిన అవసరం లేదు. అలా చేస్తే కోలుకోవడానికే తర్వాతి వారం ఖర్చవుతుంది.

పదకొండో వారం నుంచి ఎత్తుల మీద గట్టి పని. మొదట 8 నిమిషాల చొప్పున నాలుగు సార్లు, మధ్యలో 4 నిమిషాల విరామం. నెల గడిచాక 20 నిమిషాల చొప్పున మూడు సార్లు, అయితే కాస్త తక్కువ తీవ్రతతో. వారానికి ఇలాంటి రోజు ఒకటి, మహా అయితే రెండు. బరువైన గేరులో నిమిషానికి 50, 60 సార్లు పెడల్ తిప్పుతూ ఎక్కే సాధన కూడా మంచిదే, మోకాలు నొప్పి పెడితే మాత్రం వెంటనే మానేయండి. చివరి రెండు నెలల్లో నెలకు ఒకసారి శనివారం ఐదు గంటలు, ఆదివారం మూడు గంటలు తొక్కండి. అలసిన కాళ్లతో సైకిలు ఎక్కడం ఆ ఆదివారాలే నేర్పుతాయి.

సైకిలు నడిపించడం కూడా సాధనలో భాగమే. నిటారు ఎత్తులో వేగం గంటకు నాలుగైదు కిలోమీటర్లకు పడిపోతే నడిచినా అంతే వేగం వస్తుంది, తొడలకు వేరే పని దొరుకుతుంది. రేసులో వేసుకునే బూట్లతోనే వారానికి పది నిమిషాలు సైకిలును ఎత్తు మీదికి నెట్టండి. నెట్టడం అలవాటు లేకపోతే పిక్కలు పట్టేస్తాయి.

చేతులు

నన్ను ఆపింది ఇవే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

ముందు బ్రేకు మీటలను సరిచేయండి. ఒక్క చూపుడు వేలు మీట చివరి వంపులో హాయిగా కూర్చునేలా మీటను హ్యాండిల్ మీద లోపలికి జరపండి. మిగిలిన మూడు వేళ్లు పట్టు కోసం. మీట దూరాన్ని తగ్గించే చిన్న మర దాదాపు ప్రతి హైడ్రాలిక్ బ్రేకుకూ (ద్రవం ఒత్తిడితో పనిచేసే బ్రేకు) ఉంటుంది. నా చేతులు చిన్నవి. ఆ మర ఉందని కూడా తెలియకుండా మూడేళ్లు తొక్కాను. నిలబడి దిగే భంగిమలో మణికట్టు వంగకుండా ఉండేలా మీట వాలును కూడా చూసుకోండి.

తర్వాత బ్రేకు వేసే తీరు. వాలు పొడవునా మీటను సగం నొక్కి పట్టుకుంటే ముంజేయికి క్షణం విశ్రాంతి దొరకదు, బ్రేకులు వేడెక్కుతాయి. మలుపుకు ముందు, నేల చదునుగా ఉన్నచోట గట్టిగా, కొద్దిసేపు నొక్కి వదిలేయండి. వదిలిన ప్రతిసారీ వేళ్లకు రక్తం అందుతుంది. చూపు ముందు చక్రం మీద కాకుండా పది, పదిహేను మీటర్ల ముందు ఉండాలి. బరువు పాదాల మీద, మడమలు కాస్త కిందికి, మోచేతులు బయటికి వంగి ఉండాలి. పెడళ్ల మీద బరువు నిజంగా నిలిస్తే అరచేతులు తేలికవుతాయి. వాలులో ఒక్క క్షణం వేళ్లు వదులు చేసి చూడండి. శరీరం ముందుకు పడిపోతుంటే భంగిమ తప్పినట్టే.

ఈ సాధనను సుదీర్ఘ సవారీ చివరి గంటలో పెట్టుకోండి. ఉదయం తాజాగా ఉన్నప్పుడు రాళ్ల వాలు ఎవరికైనా దిగడం వస్తుంది. ఐదు గంటలు తొక్కాక అదే వాలును నెమ్మదిగా, శుభ్రంగా మూడు సార్లు దిగండి. నా చేతుల్లో మార్పు తెచ్చింది ఇదే.

ఇంట్లో వారానికి రెండు సార్లు నలభై నిమిషాల బరువుల పని సరిపోతుంది. గుంజిళ్లు, ఒంటికాలి గుంజిళ్లు, నేల మీంచి బరువు ఎత్తడం, దండీలు, రెండు చేతుల్లో బరువులు పట్టుకుని నడవడం, కడ్డీకి వేలాడటం. మొదటి వారం కడ్డీకి 20 సెకన్లు వేలాడగలిగాను. ఐదు నెలల తర్వాత 70.

కడుపు

శరీరం గ్లైకోజెన్ రూపంలో దాచుకునే పిండిపదార్థం సుమారు 400 నుంచి 500 గ్రాములు. గట్టిగా తొక్కితే రెండు మూడు గంటల్లో అది అడుగంటుతుంది. ఒక్కసారి ఖాళీ అయ్యాక తిన్నా తేరుకోవడానికి చాలా సమయం పడుతుంది. కాబట్టి మొదటి అరగంటలోనే తినడం మొదలుపెట్టాలి. గంటకు 60 గ్రాముల పిండిపదార్థం మంచి లక్ష్యం. గ్లూకోజు ఒక్కటే తీసుకుంటే పేగులు గంటకు పీల్చుకోగలిగేది సుమారు అంతే. పండ్లలో ఉండే చక్కెర ఫ్రక్టోజుకు పేగుల్లో వేరే మార్గం ఉంది కాబట్టి రెండూ కలిసిన ఆహారంతో 90 గ్రాముల దాకా వెళ్లవచ్చు. అయితే కడుపుకు అలవాటు చేశాకే. నేను గంటకు 40తో మొదలుపెట్టి రెండు వారాలకోసారి పది చొప్పున పెంచాను. 80 దగ్గర వికారం మొదలైంది. అందుకే 70 దగ్గర ఆగాను.

అడవి బాటలో అసలు కష్టం తినే చోటు దొరకకపోవడం. హ్యాండిల్ మీంచి చేయి తీసే వీలు గంటలో నాలుగైదు సార్లే వస్తుంది. దారి పటం ముందు పెట్టుకుని, మెల్లని ఎత్తులూ వెడల్పాటి మట్టి రోడ్లూ ఎక్కడున్నాయో గుర్తించి, ఆ కిలోమీటర్ల అంకెలను చిన్న కాగితం మీద రాసి హ్యాండిల్‌కు అంటించండి. పొడవాటి దిగుడుకు ముందు తప్పకుండా తినండి. పొట్లాలను ఇంట్లోనే చిన్న ముక్కలుగా, ఒక్క చేత్తో తెరిచేలా కట్టుకోండి. ఐదో గంట తర్వాత తీపి నోటికి సహించదు. అప్పటికి ఉప్పుగా ఉండేది ఏదైనా జేబులో ఉండాలి. ఉప్పు వేసి ఉడికించిన చిన్న బంగాళాదుంపలు నన్ను చాలాసార్లు గట్టెక్కించాయి.

నీటికి లెక్క సులువు. గంట తొక్కడానికి ముందూ తర్వాతా బరువు చూసుకోండి. తగ్గిన కిలోకు సుమారు లీటరు చెమట పోయినట్టు. మధ్యలో తాగిన నీళ్లను దానికి కలపండి. నాది మామూలు ఎండలో గంటకు 700 మిల్లీలీటర్లు. పోయినదంతా తిరిగి తాగాల్సిన పని లేదు. అతిగా నీళ్లు తాగి రక్తంలో సోడియం పడిపోతే ప్రాణానికే ముప్పు. రేసు చివర బరువు మొదటికంటే పెరిగిందంటే ఎక్కువ తాగినట్టే. రేసు వేడి ప్రాంతంలో ఉంటే ఎండలో తొక్కడం పది, పద్నాలుగు రోజుల ముందే మొదలుపెట్టండి. శరీరం వేడికి అలవాటు పడటానికి దాదాపు అంత సమయం పడుతుంది.

సైకిలు

ఇక్కడ క్లుప్తంగా చెబుతాను. కొత్త సైకిలు కంటే చక్కగా చూసుకున్న పాత సైకిలు మేలు. లోపల ట్యూబు లేని ట్యూబ్‌లెస్ టైర్లకు మారండి, రేసుకు మూడు వారాల ముందు లోపలి సీలెంట్ (చిన్న రంధ్రాలను పూడ్చే ద్రవం) ఎండిపోయిందేమో చూసి కొత్తది పోయండి. నా బరువు 58 కిలోలు. 2.4 అంగుళాల టైర్లలో ముందు 19, వెనక 21 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలి పెడతాను. బరువైనవారికి ఇంకా కావాలి. సీటు ఎత్తు, హ్యాండిల్ కోణం, బూటును పెడల్‌కు బిగించే, బూటు కింది క్లీట్ స్థానం ఆఖరి నెలలో మార్చకండి. చెయిన్ అరిగిందో లేదో కొలిచే చిన్న పరికరం కొనుక్కోండి. పన్నెండు గేర్ల చెయిన్ 0.5 శాతం సాగితే మార్చే సమయం వచ్చినట్టే. బ్రేకు ప్యాడ్లు సగానికి అరిగితే మార్చేయండి. బురద పడితే మిగతా సగం ఒక్క రోజులోనే పోవచ్చు.

వెంట ఉండాల్సినవి: టైరు రంధ్రంలో దూర్చే ప్లగ్గులు, ఒక ట్యూబు, చిన్న పంపు, చెయిన్ కలిపే లింకు, మల్టీటూల్, మీ సైకిలుకే సరిపోయే గేర్ హ్యాంగర్ (వెనక గేర్లు మార్చే భాగాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న లోహపు ముక్క). ఆ చివరిది చాలామంది మరిచిపోతారు. సైకిలు ఒక పక్కకు పడితే ముందు వంగేది అదే, పైగా ఒక మోడలుది ఇంకోదానికి పట్టదు. ఇవన్నీ సంచీలో ఉంటే సరిపోదు. బురద చేతులతో, అలసిపోయి ఉన్నప్పుడు ఒకసారి ప్లగ్గు వేసి, చెయిన్ తెంపి కలిపి చూడండి.

చివరి రెండు వారాలు, ఆ రోజు

పద్నాలుగు రోజుల ముందు నుంచి గంటలను తగ్గించండి. మొదటి వారం మామూలులో అరవై శాతం, రెండో వారం నలభై. మధ్య మధ్య కొన్ని నిమిషాల గట్టి పని మాత్రం ఉంచండి, లేకపోతే కాళ్లు మొద్దుబారినట్టు అనిపిస్తాయి. ముందటి రాత్రి నిద్ర పట్టకపోతే కంగారు పడకండి. అంతకు ముందు నాలుగైదు రాత్రుల నిద్రే లెక్కలోకి వస్తుంది. చివరి రెండు రోజులు పిండిపదార్థం పెంచి, పీచు తగ్గించి తినండి.

మొదలైన గంటలో అందరూ మిమ్మల్ని దాటిపోతారు. పోనివ్వండి. ఉద్వేగం వల్ల గుండె వేగం మామూలు కంటే ఎక్కువే చూపిస్తుంది. అందుకే మొదటి రెండు ఎత్తులను మాట్లాడగలిగే శ్వాసతోనే ఎక్కండి. చెక్‌పాయింట్లలో ఆగే సమయం మీద కన్నేసి ఉంచండి. ఆరు చోట్ల ఐదేసి నిమిషాలు ఆగితే అరగంట పోయినట్టు. ఆ అరగంటను దారి మీద సంపాదించడం ఎంత కష్టమో ఏడో గంటలో తెలుస్తుంది. సైకిలు ఆపకముందే చేయాల్సిన పనులు మనసులో వరసగా చెప్పుకోండి: నీళ్లు, ఆహారం, చెయిన్‌కు నూనె, బయల్దేరడం.

ఐదో గంట నుంచి ప్రతి ఎత్తు మీదా ఒక చేయి తర్వాత ఒకటి హ్యాండిల్ మీంచి తీసి విదిలించండి, మెడను అటూ ఇటూ తిప్పండి, భుజాలు కిందికి దించండి. చివరి రేసులో నేను ఇలా ముప్పై సార్లకు పైగా చేసి ఉంటాను. 71వ కిలోమీటరు వచ్చినప్పుడు ముందున్నది రాళ్ల వాలే. రెండు బ్రేకు మీటల మీదా ఒక్కో వేలు ఉంచి, దాన్ని ఆగకుండా దిగాను.