ఫ్లూ ఎలా సోకుతుంది, సోకకుండా ఏం చేయాలి

దగ్గుతూ, తుమ్ముతూ కనిపించే మనిషికి దూరంగా ఉంటే ఫ్లూ అంటదని చాలామంది నమ్ముతారు. ఆ నమ్మకం సగమే నిజం. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ ఒంట్లోకి చేరాక లక్షణాలు బయటపడడానికి 1 నుంచి 4 రోజులు, సాధారణంగా 2 రోజులు పడుతుంది. లక్షణాలు కనిపించడానికి ఒక రోజు ముందు నుంచే ఆ వ్యక్తి వైరస్‌ను వదులుతుంటాడు, జబ్బు పడిన తరువాత మరో 5 నుంచి 7 రోజుల వరకూ వదులుతూనే ఉంటాడు. చిన్నపిల్లల్లో, రోగనిరోధక శక్తి తగ్గినవారిలో ఈ గడువు ఇంకా ఎక్కువ. కాబట్టి ఎదుటివారి ముఖం చూసి జాగ్రత్త పడడం కన్నా, ఫ్లూ ప్రబలే కాలమంతా కొన్ని అలవాట్లు పాటించడమే మేలు.

రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, చివరికి మాట్లాడినప్పుడు కూడా ముక్కు, నోటి నుంచి తుంపర్లు వెలువడతాయి. వాటిలో పెద్దవి ఆరడుగుల లోపే నేలకు రాలిపోతాయి. మరీ సన్ననివి మాత్రం మూసిన గదిలో పొగ కమ్ముకున్నట్లు కొంతసేపు గాలిలోనే నిలిచి, అక్కడున్నవారి శ్వాసలో కలుస్తాయి. అందుకే కిటికీలు, తలుపులు తెరిచి గాలి ఆడేలా చూడడం పైసా ఖర్చు లేని రక్షణ. చేతుల శుభ్రత గురించి చెప్పినంతగా దీని గురించి ఎవరూ చెప్పకపోవడం విచిత్రమే. కిక్కిరిసిన వాహనాల్లో, ఆసుపత్రుల్లో వేచి ఉండే గదుల్లో ముక్కు, నోరు పూర్తిగా మూసేలా మాస్కు ధరించాలి. గడ్డం కిందికి జారిన మాస్కు వల్ల ప్రయోజనం లేదు.

వైరస్ చేతుల ద్వారానూ చేరుతుంది. తలుపు పిడి, లిఫ్టు మీట, ఫోను వంటి గట్టి, నున్నని వస్తువులపై అది 24 నుంచి 48 గంటల దాకా బతికి ఉండగలదు. అయితే అక్కడ ఉన్నంత మాత్రాన హాని చేయదు. ఆ వస్తువును ముట్టుకున్న చేత్తో కళ్లు నులుముకున్నప్పుడు, ముక్కు, నోరు తాకినప్పుడు లోపలికి ప్రవేశిస్తుంది. మనకు తెలియకుండానే గంటకు ఎన్నోసార్లు ముఖం తాకుతుంటాం గనుక, తాకకూడదని తీర్మానించుకోవడం కన్నా చేతులు కడుక్కోవడమే ఆచరణలో సులువు. బయటి నుంచి రాగానే, తినే ముందు, ముక్కు చీదిన తరువాత సబ్బుతో కనీసం 20 సెకన్లు, వేళ్ల సందులు, గోళ్ల కింద కూడా రుద్దాలి. నీళ్లు అందుబాటులో లేకపోతే కనీసం 60 శాతం ఆల్కహాల్ ఉన్న శానిటైజర్ వాడవచ్చు.

వీటన్నిటి కన్నా ముఖ్యమైనది టీకా. ఫ్లూ వైరస్ తరచూ రూపు మార్చుకుంటుంది, టీకా ఇచ్చిన రక్షణ కూడా కాలక్రమేణా తగ్గుతుంది. అందువల్ల 6 నెలలు నిండిన వారందరూ ఏటా వేయించుకోవడం మంచిది. రక్షణ ఏర్పడడానికి సుమారు 2 వారాలు పడుతుంది కాబట్టి సీజన్ మొదలయ్యే ముందే వేయించుకోవాలి. సూది మందుగా ఇచ్చే టీకాలో సజీవ వైరస్ ఉండదు గనుక దానివల్ల ఫ్లూ రాదు. చేయి నొప్పి, కొద్దిపాటి జ్వరం ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. వేయించుకున్నా కొందరికి ఫ్లూ సోకవచ్చు, కానీ ఆసుపత్రిలో చేరవలసినంతగా ముదిరే అవకాశం తగ్గుతుంది.

ఇంట్లో ఎవరికైనా ఫ్లూ వస్తే, వీలైతే వారికి వేరే గది, లేకుంటే గాలి బాగా వచ్చే మూల కేటాయించి, సేవ చేసే పని ఒక్కరే చూసుకోవాలి. ఆ ఒక్కరు గర్భిణి, వృద్ధులు, ఉబ్బసం లేదా మధుమేహం ఉన్నవారు కాకుండా చూడాలి. రోగి టిష్యూ లేదా మోచేతి మడత అడ్డు పెట్టుకుని దగ్గాలి. జ్వరం మాత్ర వేసుకోకుండానే 24 గంటల పాటు జ్వరం రాకుండా ఉండి, మిగతా లక్షణాలు కూడా తగ్గుముఖం పట్టే వరకు పనికి గానీ బడికి గానీ వెళ్లకూడదు.

యాంటీబయాటిక్‌లు వైరస్‌పై పనిచేయవు. ఒసెల్టామివిర్ వంటి యాంటీవైరల్ మందులు లక్షణాలు మొదలైన 48 గంటల లోపు వాడితే ఎక్కువ ఫలితం ఇస్తాయి కాబట్టి, గర్భిణులు, వృద్ధులు, ఉబ్బసం లేదా మధుమేహం ఉన్నవారు, 5 ఏళ్ల లోపు పిల్లలు జబ్బు పడితే రెండు రోజులు చూద్దామని ఆగకుండా వెంటనే వైద్యుణ్ణి సంప్రదించాలి. ఊపిరి ఆడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, తగ్గినట్లే తగ్గిన జ్వరం మళ్లీ పెరిగినా, ఏ వయసువారైనా ఆలస్యం చేయకూడదు.