చెడ్డీలో మరకలు పడుతుంటే లూజ్ మోషన్స్ అనుకోకండి

నాలుగేళ్ల పిల్లాడు. ఏడాదిగా చక్కగా చెప్పి బాత్రూమ్‌కు వెళ్తున్నవాడే. ఉన్నట్టుండి రోజుకు మూడు నాలుగు చెడ్డీలు పాడు చేస్తున్నాడు. అడిగితే "నేను పోలేదు" అంటాడు. అన్నం సరిగా తినడు, బొడ్డు చుట్టూ నొప్పంటాడు, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైంది. అనంతపురంలో అంగన్‌వాడీ టీచరుగా ఇరవై ఏళ్లుగా ప్రతి ఏడూ ఇలాంటి పిల్లల్ని చూస్తూనే ఉన్నాను. తల్లులు చెప్పేది ఒకటే మాట: "లూజ్ మోషన్స్ టీచర్, పది రోజులైనా తగ్గలేదు."

నేను అడిగేదీ ఒకటే. బిడ్డ కూర్చుని, కడుపు ఖాళీ అయ్యేలా దొడ్డికి వెళ్లింది ఎప్పుడు? చాలామందికి జవాబు తెలియదు. సొంతంగా వెళ్లడం వచ్చాక పిల్లల దొడ్డిని ఎవరూ చూడరు. మెడికల్ షాపుకు పోయే ముందు దయచేసి ఇది చూడండి. వంటింటి క్యాలెండర్ మీదే గుర్తు పెట్టుకోండి. ఎప్పుడు వెళ్లాడు, ఎంత వచ్చింది, మేక పెంటికల్లా ఉండలుగానా, లావుగా పగుళ్లతోనా, మెత్తగానా.

నిజమైన విరేచనాలైతే బుడబుడా నీళ్లలా ఎక్కువగా పోతాయి, బిడ్డ వాడిపోతాడు. దానికి ఓఆర్ఎస్, 14 రోజుల జింక్ అందరికీ తెలిసిందే. ఇక్కడ అలా ఉండదు. జిగటగా కొంచెం కొంచెం మరక, వెంటనే ఇంకోటి. బిడ్డ హుషారుగా ఆడుకుంటూనే ఉంటాడు. పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకున్నా వాడికి వాసన తెలియదు.

ఇది మలబద్ధకం. పల్చగా కారుతుంటే మలబద్ధకం ఎలా అవుతుందని నేనూ అనుకున్నాను. మా చిన్నోడికి మూడున్నరేళ్లప్పుడు ఇలాగే అయితే పెరుగన్నం తప్ప ఏమీ పెట్టకుండా, మోషన్స్ ఆగే మందు కొనుక్కొచ్చి వేశాను. నాలుగో రోజుకు పొట్ట బిర్రబిగిసింది. పిల్లల డాక్టరమ్మ నా చెయ్యి పట్టుకుని వాడి పొత్తికడుపు మీద ఎడమ పక్కన పెట్టి, "ఇక్కడ తడిమి చూడమ్మా" అంది. లోపల ఎండిన బంకమట్టి ముద్దలా చేతికి తగిలింది. అంతకు ముందు రోజే చెడ్డీ పాడు చేశాడని వాణ్ని కొట్టాను. ఆ సంగతి గుర్తొస్తే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. వాడు కావాలని చేసింది కాదు, వాడికి తెలిసి జరిగింది కూడా కాదు.

మొదలయ్యేది ఒక్క గట్టి మోషన్‌తో. ఒకసారి నొప్పి పుట్టిందంటే మళ్లీ వచ్చినప్పుడు బిడ్డ బిగబట్టుకుంటాడు. మంచం కోడు పట్టుకుని, మునివేళ్ల మీద నిలబడి, కాళ్లు మెలిక వేసి, మొహం ఎర్రగా చేసుకుంటాడు. ముక్కుతున్నాడనుకుంటాం గానీ, వాడు లోపలికి ఆపుకుంటున్నాడు. ఎల్‌కేజీలో చేరిన ఏడాది ఇది మరీ ఎక్కువ. ఎనిమిదింటికే ఆటో వస్తుంది, పొద్దున కూర్చునే తీరిక ఉండదు. బడిలో బాత్రూమ్ కంపు, గడియ పడదు, మిస్సును అడగాలంటే భయం. మన ఎండలకు నీళ్లు కూడా చాలకపోతే చెప్పక్కర్లేదు.

అలా ఆపుకున్నది పెద్దపేగులో నీరింకి రాయిలా తయారవుతుంది. పేగు చివర సాగిపోయి, "వస్తోంది" అన్న కబురు తెలియకుండా పోతుంది. వెనకనుంచి వచ్చే పల్చటిది ఆ ముద్ద పక్కనుంచి జారి చెడ్డీలో పడుతుంది. ఆ ముద్దే మూత్రసంచిని నొక్కితే పక్క తడుస్తుంది, పొట్ట నిండినట్టుండి ఆకలి చచ్చిపోతుంది.

పిల్లల డాక్టరుకు చూపించండి. దొడ్డి మెత్తబడటానికి లాక్టులోజ్ సిరప్పో, పీఈజీ పొడో బరువును బట్టి రాస్తారు. మీ అంతట మీరు కొనొద్దు. అవ్వలు చెప్పారని సబ్బు ముక్క పెట్టడం, ఆముదం తాగించడం వద్దే వద్దు. నొప్పి పుడితే భయం ఇంకా ముదురుతుంది.

మందు మొదలైన తర్వాతే చాలామంది తప్పటడుగు వేస్తారు. మొదటి కొన్ని రోజులు లోపలున్నది కరిగి వస్తుంది కాబట్టి మరకలు ఇంకా ఎక్కువవుతాయి. "మందు పడలేదు" అని ఆపేస్తారు. ఆపకండి, డాక్టరుకు ఫోన్ చేసి అడగండి. ఆ గండం దాటినవాళ్లు రెండు వారాలకు బాగయిందని మానేస్తారు, నెల తిరక్కుండా మళ్లీ నా దగ్గరికి వస్తారు. సాగిన పేగు మామూలుగా కావడానికి నెలలు పడుతుంది. డాక్టరు తగ్గించమనేదాకా మందు ఇవ్వాల్సిందే.

దాంతోపాటు, తిన్న కాసేపటికి పేగులు కదులుతాయి కాబట్టి అప్పుడు ఐదు పది నిమిషాలు కూర్చోబెట్టండి. వచ్చినా రాకపోయినా కోప్పడొద్దు. నేల టాయిలెట్ గుంతలో పడతానని భయపడితే చిన్న పాటీ కొనండి. కమోడ్ అయితే కాళ్లు వేలాడకుండా కింద పీట వేయండి.

తిండి సంగతికొస్తే, అన్నం తినడం లేదని నాలుగు పూటలా పాలు పట్టేవాళ్లే ఎక్కువ. రోజుకు అర లీటరు దాటనివ్వకండి. పాలు, బిస్కెట్లు, బొరుగులతో పొద్దు గడిపే బిడ్డకు పీచు ఎక్కడినుంచి వస్తుంది? ఆకుకూర పప్పు, రాగి సంగటి, బొప్పాయి, జామ పెట్టండి. చీనీకాయ రసం తీయకుండా తొనలుగా ఇవ్వండి. అయితే లోపల ముద్ద కట్టాక తిండి ఒక్కటే చాలదు, మందు కావాలి.

ఇక నులిపురుగులంటారు. రాత్రిపూట ఆసనం దగ్గర దురద ఉంటే సరే, ఆల్బెండజోల్ వేయించండి. ఈ మరకలు మాత్రం దాంతో ఆగవు. ఐరన్ సిరప్ తాగే పిల్లలకు నల్లగా వస్తే కంగారు పడొద్దు. ఒంటేలుకు మంట ఉంటే యూరిన్ టెస్ట్ చేయించండి. పుట్టిన రెండు రోజుల్లో దొడ్డికి వెళ్లని బిడ్డ అయినా, ఆకుపచ్చ రంగు వాంతులు, పొట్ట ఉబ్బరం, బరువు పెరగకపోవడం, కాళ్లలో బలం లేకపోవడం, రక్తం ఎక్కువగా పడటం వంటివి ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇవి అరుదు.

బడికి పంపేటప్పుడు బ్యాగులో రెండు చెడ్డీలు, ఒక కవరు పెట్టండి. మిస్సును పక్కకు పిలిచి, వాడు అడిగినా అడగకపోయినా తిన్న తర్వాత ఒకసారి బాత్రూమ్‌కు పంపమని, పిల్లల ముందు ఏమీ అనొద్దని చెప్పి రండి.