ముసుర్లో జీపు ఫ్లోరు కోస్తున్నారా, ముందు తుప్పు సంగతి చూసుకోండి

ఆగస్టు ముసురు పట్టీసింది, ఇంకో రెండు నెలల్లో తుఫాన్లు, సరిగ్గా ఈ టైములోనే మన వైపు కుర్రాళ్ళకి పాత జీపు విప్పాలని బుద్ధి పుడతాది, ఎందుకో తెలీదు. నాకూ అలాగే పుట్టింది. కళింగపట్నం రోడ్డులో మా షెడ్డు, సాయంత్రం నాలుగయ్యేసరికి సముద్రం గాలి నేరుగా లోపలికే వస్తాది. కొత్త షీటు వెయ్యడానికి డ్రైవర్ సీటు కింద ఫ్లోరు కోసీసి, అంచులన్నీ గ్రైండర్‌తో తళతళలాడేలా చేసి, రేపు పొద్దున వెల్డింగ్ కదా అని చేతులు దులుపుకుని ఇంటికి పోయాను. పొద్దున వచ్చి చూస్తే అంచు మీద నా చెయ్యి, అయిదు వేళ్ళూ, వేలిముద్ర గీతలతో సహా ఎర్రగా తుప్పులో అచ్చుపడి ఉన్నాయి. చుట్టుపక్కల మామూలు పసుపు మరక, చెయ్యి పెట్టిన చోట మాత్రం ముదురు ఎరుపు.

ఏటంటే చెమటలో ఉప్పు ఉంటాది, ఉప్పు గాల్లో తేమని లాక్కుంటాది. గాల్లో తేమ 60 శాతం దాటితే చాలు, ఇనుము మీద కంటికి కనపడని నీటి పొర పడతాది, ముసురు రోజుల్లో మనకి 80 పైనే కదా, దానికి తోడు సముద్రం ఉప్పు. అందుకే చెప్తున్నా, ఆ రోజు వెల్డ్ చేసీగలిగినంతే ఆ రోజు గ్రైండ్ చెయ్యండి, మిగతా పాత పెయింట్‌ని కదపకండి, ఎంత అసహ్యంగా ఉన్నా అది కాపలా కాస్తాది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు, అలాంటప్పుడు బండి మొత్తం విప్పి పెట్టుకుని ఉంటే వెల్డింగూ లేదు గ్రైండింగూ లేదు, కూర్చుని తుప్పు చూసుకోడమే. తుఫాను హెచ్చరిక వచ్చిందంటే కొత్త కోత మొదలెట్టకండి, విప్పినదాన్ని మూసీడం చూడండి.

కొత్తగా కొన్న సీఆర్ షీటు, అంటే కోల్డ్ రోల్డ్ స్టీలు రేకు (ఫ్లోరుకి 18 గేజ్, అంటే 1.2 ఎంఎం సరిపోద్ది) మీద నూనె జిడ్డు ఉంటాది. శుభ్రం చేద్దామని ముందే తుడిచీకండి, తుప్పు పట్టకుండా ఆపేది ఆ జిడ్డే. షాపు నుంచి తెచ్చాక చెక్కముక్కల మీద నేలకి తగలకుండా పెట్టి, బిగించే రోజే తుడవండి. ఒకవేళ పాత బాడీ మీద బేర్ మెటల్ (పెయింట్ లేని ఇనుము) రెండు మూడు రోజులు ఉండక తప్పదంటే పల్చగా మెషీన్ ఆయిల్ రాయండి, గుడ్డతో రాసి మళ్ళీ తుడిచినట్టు, అంతే. వెల్డింగ్ ముందు దాన్ని ఎసిటోన్‌తో రెండు గుడ్డలు పట్టుకుని తియ్యండి, ఒకటి తడిది, రెండోది పొడిది, ఒకే గుడ్డతో అయితే జిడ్డు అటూ ఇటూ తిరుగుద్ది గానీ పోదు. జిడ్డు మిగిలితే వెల్డ్ జల్లెడలాగ చిల్లులు పడతాది. ఆర్క్ కొట్టే ముందు ఎసిటోన్ డబ్బా, గుడ్డలు షెడ్డు బయటికి పోవాల. తుడిచాక గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి, నా చేతి అచ్చు కథ గుర్తుందిగా.

టార్పాలిన్ నేరుగా మెటల్‌కి అతికేలా కప్పడం ఇంకో తప్పు. రాత్రి లోపల చెమ్మ పట్టి నీళ్ళు కారతాయి. కర్రలు నిలబెట్టి గుడారంలాగ పైకి ఎత్తండి, రెండు పక్కలా గాలి ఆడాల.

ఇప్పుడు ప్రైమర్ గొడవ, అంటే పెయింట్ కింద వేసే మొదటి పూత. మనవాళ్ళు అన్నిటికీ రెడ్ ఆక్సైడ్ పూసీసి దాని మీదే వెల్డ్ కొడతారు, నేనూ కొట్టాను, బుడగలు బుడగలుగా వచ్చి మొత్తం కోసీసి మళ్ళీ చేసుకున్నాను. వెల్డ్ పడే అంచు ఒక అంగుళం మేర టేప్ వేసీసి, మిగతా అంతా ఎపాక్సీ ప్రైమర్ కొట్టండి, అదీ పొద్దున మంచు ఆరాక పది తర్వాత, ముసురు లేనప్పుడు. ఒక షీటు మీద ఇంకో షీటు ఎక్కే జాయింట్ ఉంటాది చూడండి, లోపలికి తర్వాత బ్రష్షూ పోదు స్ప్రేయూ పోదు, తుప్పు మొదలయ్యేది అక్కడే. అక్కడికి జింక్ ఉన్న వెల్డ్-త్రూ ప్రైమర్ (దాని మీదే వెల్డ్ చెయ్యొచ్చని అమ్మేది) రెండు ముఖాలకీ పల్చగా కొట్టి, బాగా ఆరనిచ్చి, తర్వాత బిగించండి. పేరు వెల్డ్-త్రూ అయినా సీఓటూ వెల్డింగ్‌కి (గ్యాసు, వైరుతో చేసేది) బొట్టు పడే చోట మాత్రం గీకీండి, పై షీటుకి రంధ్రం పెట్టి దాన్ని వెల్డ్‌తో నింపే ప్లగ్ వెల్డ్ అయితే రంధ్రం లోపల మెటల్ తెల్లగా కనపడాల. జింక్ 907 డిగ్రీలకే మరుగుద్ది, స్టీలు కరగాలంటే 1500 దాకా పోవాల, కాబట్టి స్టీలు కరిగేలోపే జింక్ ఆవిరై వెల్డ్ లోంచి పొంగుకొస్తాది.

ఆ ఆవిరే దూదిలాంటి తెల్ల పొగ. పీల్చిన కొన్ని గంటలకి చలి, జ్వరం, ఒళ్ళు నొప్పులు వస్తాయి, మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుద్ది గానీ ఊపిరాడకపోతే ఆగకుండా డాక్టర్ దగ్గరికి పోవాల. పాలు తాగితే పోద్దని మేస్త్రీలు చెప్తారు, పాలు పోయేది పొట్టలోకి, పొగ పోయింది ఊపిరితిత్తుల్లోకి బాబూ. మెటల్ పొగకి పనికొచ్చే మాస్కు పెట్టుకోండి, తలుపులు తీసీండి, జింక్ పూత ఉన్న జీఐ షీటు వెల్డ్ చేసినా ఇదే జాగ్రత్త.

దీనికన్నా భయంకరమైంది ఒకటుంది. బ్రేక్ క్లీనర్ స్ప్రేతో మెటల్ తుడిచి వెల్డ్ చెయ్యకండి. డబ్బా మీద టెట్రాక్లోరోఎథిలీన్ లాంటి క్లోరిన్ పేరు ఉందంటే ఆర్క్ వేడికీ వెలుతురుకీ అది ఫాస్జీన్ అనే విషవాయువు అవుద్ది, కొన్ని గంటల దాకా ఏమీ అనిపించకుండా తర్వాత ఊపిరితిత్తులు పట్టీస్తాది. ఎసిటోన్ ఉండగా ఈ పనికి అది ఎందుకసలు. బ్యాటరీ నెగటివ్ తీసీడం, పెట్రోల్ ట్యాంకు దించి దూరంగా పెట్టడం మీకు తెలిసినవే, అయినా చెప్పాలి కాబట్టి చెప్తున్నా.

వెల్డ్ అయిపోయాక రాడ్డుతో చేసినవాళ్ళు స్లాగ్ (వెల్డ్ మీద కట్టే పెళుసు పెంకు) మొత్తం కొట్టీసి వైర్ బ్రష్ పట్టండి, అది మిగిలితే తేమ పట్టి కిందనుంచి తింటాది. చల్లారగానే, అదే రోజు, టేప్ వేసిన అంగుళానికి ఎపాక్సీ పడాల. తర్వాత వెనకవైపు చూడండి, వేడికి అక్కడి పాత పెయింట్ మాడిపోయి ఉంటాది, ఎవరూ చూడరు దాన్ని. చెయ్యి పెట్టగలిగితే ప్రైమర్, పెట్టలేని బాక్సు సెక్షన్‌లలోకి (నాలుగు పక్కలా మూసిన డొల్ల భాగాలు) మాత్రం పెయింట్లన్నీ ఆరాక పొడుగు గొట్టంతో క్యావిటీ వ్యాక్స్, అంటే తుప్పు ఆపే మైనం, కొట్టండి. కింద డ్రెయిన్ రంధ్రాల్లోంచి వ్యాక్స్ బొట్లు ఒకటి రెండు రోజులు కారతాయి, పాత పేపర్లు పరుచుకోండి, కారడం ఆగాక సన్న పుల్లతో ఆ రంధ్రాలు ఒక్కొక్కటీ పొడిచి తెరవండి, మూసుకుపోతే లోపలికి వచ్చిన నీళ్ళు బయటికి పోవు.