గాలానికి బొమ్మ చేప: 4వ పాఠం – రంగులు

పోయిన మూడు పాఠాల్లో పొణికి కర్ర చెక్కాం, నడుమ స్టీలు తీగ దూర్చాం, పొట్టలో సీసం గుండు బిగించి పైన లప్పం పెట్టాం. ఇప్పుడు మీ చేతిలో కొర్రమీనులాంటి వేటచేపను గాలానికి రప్పించే ఎర, 7 సెంటీమీటర్ల తెల్లటి కర్రచేప ఉంది. రంగు డబ్బా మూత తీయాలని చెయ్యి లాగుతుంటుంది. ఒక్క రోజు ఆగండి. రంగుకంటే ముందు కర్రకు నీళ్లు అందకుండా చేయాలి.

పొణికి నిర్మల్, కొండపల్లి బొమ్మల కర్ర. తేలిగ్గా ఉంటుంది, కత్తి కింద వెన్నలా తెగుతుంది, కానీ నీళ్లు మహా తాగుతుంది. షోకేసులో కూర్చునే బొమ్మకు ఆ బాధ లేదు. మనది నీళ్లలోనే బతకాలి. కొండపల్లివాళ్లు చింతగింజల పిండీ రంపపుపొట్టూ కలిపిన మక్కుతో అతుకులు వేస్తారు. అది తడిలో నానిపోతుంది కాబట్టి మనకు పనికిరాదు. కానీ రంగుకు ముందు వాళ్లు వేసే తెల్లటి సుద్ద పూత ఉంది చూశారూ, ఆ పద్ధతి మాత్రం మనం తీసుకుందాం. కింద తెలుపు లేకపోతే పైన ఏ రంగైనా మసగ్గానే కనిపిస్తుంది.

నేను మొదట్లో చేసిన చేప ఒకటి రెండో వారానికే పొట్ట దగ్గర పొక్కింది. గోటితో గీరితే రంగు పెచ్చులా ఊడొచ్చింది, కింద కర్ర తడిసి నల్లబడి ఉంది. ఒళ్లంతా సీలర్ పట్టించాను కానీ తీగ బయటికొచ్చే చిల్లు దగ్గర వదిలేశాను. నీళ్లు అక్కణ్నుంచే ఎక్కాయి. అందుకే ముందు తోక దగ్గరా, మూతి దగ్గరా, పొట్ట కిందా ఉన్న చిల్లుల్లో ఒక్కో చుక్క ఫెవిక్విక్ వేసి ఆరనివ్వండి. తర్వాత వుడ్ సీలర్‌ను థిన్నర్‌తో సగానికి సగం పల్చన చేసి, చేపను నిలువునా ముంచి వేలాడదీయండి. పల్చటి మొదటి పూత కర్ర లోపలికి దిగుతుంది. పూర్తిగా ఆరాక 320 నంబరు సాండ్ పేపర్‌తో సుతారంగా రుద్ది, ఇంకో రెండు పూతలు చిక్కగా వేయండి. వీపు మీద ఒక నీటిచుక్క వేసి చూడండి. తామరాకు మీద నీటిబొట్టులా నిలిస్తే సరే, ఇంకిపోతే మరో పూత పడాల్సిందే. పని మొత్తం కిటికీలు తెరిచి చేయండి, థిన్నర్ వాసన మంచిది కాదు.

సీలర్ మీద మళ్లీ ఒకసారి తేలిగ్గా రుద్ది తెల్ల ఆక్రిలిక్ రెండు పల్చటి పూతలు వేయండి. ఎనామిల్ వద్దు, అది లోపలిదాకా ఆరడానికి రోజులు పడుతుంది, పైన వేసే ఎపాక్సీ (రెండు ట్యూబుల మందు కలిపి పూసే, గట్టిపడే పూత) కింద ముడతలు పడుతుంది.

ఇక అసలు రంగులు. ఆదివారం పొద్దున హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్‌కు వెళ్లి పరకలనే చిన్న చేపల కుప్ప ముందు రెండు నిమిషాలు నిలబడండి. ఒక్కదాన్ని అరచేతిలో పెట్టుకుని చూడండి: వీపు ముదురు ఆకుపచ్చ, పక్కలు వెండి, పొట్ట తెలుపు, తోక మొదట్లో నల్లటి చుక్క. ఈ ముదురు వీపూ తెల్ల పొట్టా దాని కవచం. పైనుంచి చూసే కొంగకు వీపు చెరువు అడుగులో కలిసిపోతుంది, కిందనుంచి చూసే కొర్రమీనుకు పొట్ట ఆకాశపు వెలుగులో కలిసిపోతుంది. మన బొమ్మకూ అదే వరస కావాలి. వీపు రంగు పక్కల్లోకి గీత గీసినట్టు ఆగిపోకూడదు. బ్రష్ పక్కన పెట్టి, స్పాంజి ముక్కను రంగులో అద్ది, పాత కాగితం మీద ఒత్తి, దాదాపు ఆరిన స్పాంజితో వీపునుంచి కిందికి తడుతూ రండి.

పొలుసులకు ఎయిర్‌బ్రష్ కొననక్కర్లేదు. టైలర్ దగ్గర మిగిలిన చున్నీ నెట్ పేలిక చాలు. వెండి రంగు బాగా ఆరాక నెట్‌ను చేప చుట్టూ బిగుతుగా చుట్టి, పొట్ట కింద బట్టల క్లిప్పులు పెట్టండి. ముదురు ఆకుపచ్చను స్పాంజితో నిటారుగా తట్టండి, అస్సలు రుద్దొద్దు. అర నిమిషం ఆగి నెట్‌ను ఒక్కసారిగా పైకి లేపితే వరసలు వరసలుగా పొలుసులు బయటపడతాయి. అది చూసిన క్షణం ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది.

కన్ను బ్రష్‌తో గీయకండి, వంకర పోతుంది. పెద్ద మేకు తలను పసుపు రంగులో ముంచి బొట్టు పెట్టినట్టు ఒక్కసారి అద్దండి. ఆరాక చిన్న మేకు తలతో నల్లపాప. కన్ను కొంచెం పెద్దదిగానే పెట్టండి. నా గాలానికి తగిలినవాటిలో చాలా చేపలు తలవైపే పట్టుకున్నాయి.

వానాకాలంలో మన చెరువుల నీళ్లు చాయ్ రంగులోకి మారతాయి. అప్పుడు పొలుసుల పనితనం కొర్రమీనుకు కనిపించదు, ఆకారమే కనిపిస్తుంది. బొమ్మను దారానికి కట్టి మీరు వెళ్లే చెరువులో మెల్లగా దించండి, ఏ లోతులో మాయమవుతుందో చూడండి. మోకాలి లోతుకే మాయమైతే నల్ల వీపు, మెరిసే నిమ్మపసుపు పక్కలు వేయండి. బురద నీళ్లలో నీలం త్వరగా చచ్చిపోతుంది, పసుపుపచ్చ నిలుస్తుంది.

నారింజ రంగు బొమ్మ మాత్రం ఈ పాఠాల్లో నేర్పను. వానల్లో కొర్రమీను పిల్లలు నారింజ రంగులో గుంపుగా, ఊపిరికోసం బుడబుడా పైకొస్తుంటాయి. కింద తల్లిదండ్రులు కాపలా కాస్తుంటాయి, ఆ గుంపు దగ్గరికి ఏది వచ్చినా మీద పడతాయి. వాటికి గాలం వేయడం సులువే. కానీ కాపలా పోయిన రోజే ఆ గుంపు ఇతర చేపలపాలవుతుంది. కొర్రమీను మన తెలంగాణ రాష్ట్ర చేప. ఆ గుంపు కనిపిస్తే గాలం చుట్టేసి పక్కకు జరగండి. అసలు ఏ చెరువుకెళ్లినా ముందు అక్కడి మత్స్యకారుల సంఘంవాళ్లను అడగండి, ఆ నీళ్ల మీద వాళ్ల బతుకు ఉంది.

చివరి పూత ఎపాక్సీ. ఐదు నిమిషాల్లో గడ్డకట్టేది తీసుకోకండి, సర్దుకునేలోపే బిగుసుకుంటుంది. నిదానంగా గట్టిపడే, రంగులేని రకం కావాలి. రెండు ట్యూబులనూ ఐదు నిమిషాలు వేడినీళ్ల గిన్నెలో ఉంచితే పల్చబడి బుడగలు తగ్గుతాయి. డబ్బా మీద రాసిన పాళ్లను సిరంజితో కొలవండి, కంటి అంచనా వద్దు. పాళ్లు తప్పితే నెల గడిచినా జిగట పోదు. చేతికి గ్లవ్స్ తొడుక్కుని, రెండు నిమిషాలు మెల్లగా కలిపి, పల్చగా పూయండి. పూశాక అది కిందికి జారి పొట్ట దగ్గర బొట్టు కడుతుంది. అందుకే చిక్కబడేదాకా తోక తీగను పట్టుకుని చేపను అటూ ఇటూ తిప్పుతూనే ఉండాలి. నేను రేడియో పెట్టుకుని కూర్చుంటాను. దుమ్ము పడకుండా ఫ్యాను ఆపేయండి. ముసురు పట్టిన రోజు ఈ పని పెట్టుకోవద్దు, గాలిలో తేమకు పూత పాలలా తెల్లబడుతుంది.

వచ్చే పాఠంలోపు రెండు చేపలు సిద్ధం చేయండి: ఒకటి పరక, ఒకటి నిమ్మపసుపు. ఎపాక్సీ బరువుకు తేలే తీరు మారి ఉంటుంది. 5వ పాఠంలో బకెట్ నీళ్లలో వేసి, వెల్లకిలా పడుతున్నదాన్ని ఎలా సరిచేయాలో చూద్దాం.