తోముతుంటే రక్తం, కొరికితే కదిలే పన్ను: చిగుళ్ల జబ్బును ఎక్కడ ఆపగలం?

సమస్య: పళ్లు తోముతుంటే రక్తం పడుతోంది.

ఉమ్మిలో ఎర్రటి చార కనిపించగానే చాలామంది బ్రష్షును ఆ చోటికి పోనివ్వడం మానేస్తారు. పన్నూ చిగురూ కలిసే అంచున నిలిచిన మెత్తటి పాచిలోని సూక్ష్మజీవులే ఆ వాపుకు మూలం కనుక, తోమడం మానితే రక్తం ఇంకా ఎక్కువవుతుంది. 1965లో వెలువడిన డెన్మార్క్ పరిశోధనలో 12 మంది చేత పళ్లు తోమడం మాన్పించగా, 10 నుంచి 21 రోజుల్లో అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ శుభ్రం చేయడం మొదలుపెట్టాక మామూలయ్యాయి.

పరిష్కారం: మెత్తటి బ్రష్షును చిగురు అంచుకు 45 డిగ్రీల వాలుగా ఆనించి, రోజుకు రెండుసార్లు, రెండేసి నిమిషాలు నెమ్మదిగా తోమాలి, సందులను సన్నని బ్రష్షుతో గాని పళ్ల దారంతో (ఫ్లాస్) గాని శుభ్రం చేయాలి. వేపపుల్లను తప్పుపట్టలేము, కానీ అది పళ్ల లోపలి వైపుకు సరిగా చేరదు. ఇటుకపొడి, బొగ్గుపొడి మాత్రం పన్నును అరగదీస్తాయి.

సమస్య: రెండు వారాలు శ్రద్ధగా తోమినా రక్తం ఆగలేదు.

నాలుక పైకెత్తి, టార్చి వెలుగులో కింది ముందు పళ్ల వెనుక భాగాన్ని అద్దంలో చూసుకోండి. పసుపుపచ్చని గట్టు కనిపిస్తే అది గార. లాలాజలం ఊరే రంధ్రాలు అక్కడే ఉండడం వల్ల, అందులోని ఖనిజాలు పాచిని రాయిలా గట్టిపరుస్తాయి.

దీనికి డాక్టరు మిషన్‌తో గారను తీసే స్కేలింగ్ తప్ప దారి లేదు. హనుమకొండలోనైనా, పరకాలలోనైనా వినిపించే మాట ఒకటే: "మిషన్ పెడితే పండ్లు కదులుతయ్." నిజానికి ఆ పళ్ల పట్టు అప్పటికే సడలి ఉంటుంది, సందుల్లో సిమెంటులా నిండిన గార పోయి, వాపు తగ్గేసరికి ఖాళీ బయటపడుతుంది. కొన్నాళ్లు చల్లనీళ్లకు జివ్వుమనడం కూడా సహజమే.

సమస్య: మక్క కంకి తింటే పొట్టు సందుల్లో చిక్కుతోంది, సకినం కొరికితే పన్ను కదులుతోంది.

ఇక్కడ జబ్బు పన్నును పట్టి ఉంచే ఎముకదాకా పోయిందని అనుమానించాలి. డాక్టరు సన్నని కొలపుల్లతో చిగురు లోతు చూస్తారు: 1 నుంచి 3 మిల్లీమీటర్లు మామూలు, అంతకు మించి రక్తం కూడా వస్తే జబ్బు. పంటి వేర్ల మీది గారను లోపలిదాకా తీయించి, కొన్ని వారాల తర్వాత మళ్లీ కొలిపించుకోవాలి. లోతు తగ్గకపోతే ఆపరేషన్ అవసరం కావచ్చు. కరిగిన ఎముక చాలామటుకు తిరిగి రాదు కాబట్టి, ఉన్నదాన్ని నిలుపుకోవడమే లక్ష్యం. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్న యాంటీబయాటిక్ గోలీలు గారను కరిగించవు.

సమస్య: రక్తం లేదు, అయినా చిగురు కిందికి జారుతోంది.

బీడీ, సిగరెట్ తాగేవారిలో రక్తం తక్కువగా కనిపించడం వల్ల జబ్బు దాగి ఉంటుంది. పొగ మానకుండా చేయించిన చికిత్స అంత బాగా పనిచేయదు. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్లు త్వరగా పాడవుతాయి, చిగుళ్లు పాడైతే షుగరూ అదుపు తప్పుతుంది. బీపీకి ఎంలోడిపిన్ వాడేవారిలో కొందరికి చిగురు కండ పెరగవచ్చు. గోలీని సొంతంగా ఆపకుండా, రాసిన డాక్టరుకే చూపించాలి.

ముఖం వాచి జ్వరం వచ్చినా, తోమకుండానే రక్తం కారుతూ ఒంటిమీద ఎర్రటి మచ్చలు తేలినా, అదే రోజు వరంగల్ ఎంజీఎం వంటి పెద్దాసుపత్రికి వెళ్లాలి. రెండోదానికి పళ్ల డాక్టరు కంటే ముందు రక్తపరీక్ష అవసరం.