మినాక్సిడిల్ రాయాల్సింది మాడుకు, జుట్టుకు కాదు: రాలే జుట్టుకు సరైన చికిత్స ఎలా?

జుట్టు రాలుతోందని చర్మవైద్యుల దగ్గరకు వచ్చేవారికి, తలకు రాసే మినాక్సిడిల్ అనే మందు ఎలా రాసుకోవాలో చూపించడం నా రోజువారీ పని. వచ్చేవారిలో చాలామంది అప్పటికే ఏదో ఒకటి వాడి వదిలేసినవారే. ‘మినాక్సిడిల్ వాడానండీ, లాభం లేదు. ఉన్నది కూడా ఊడింది’ అంటారు. ఎలా రాశారో ఒకసారి చేసి చూపించమంటే, మందు అరచేతిలో పోసుకుని కొబ్బరినూనె పట్టించినట్లు జుట్టంతా పట్టిస్తారు. అలా రాస్తే మందు వెంట్రుకలకు అంటుకుని, మాడుకు చేరకుండానే ఆరిపోతుంది. నెలల తరబడి పెట్టిన ఖర్చు, పెట్టుకున్న ఆశ అలా వృథా కావడం చూసి చూసి విసిగిపోయి ఇది రాస్తున్నాను.

ముందు ఏ రకమో తేల్చుకోండి

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం సహజం. తలస్నానం చేసిన రోజు ఇంకాస్త ఎక్కువే రాలతాయి. తలమీది వెంట్రుక 2 నుంచి 6 ఏళ్లు పెరుగుతుంది, తర్వాత దాదాపు మూడు నెలలు ఎదుగూబొదుగూ లేకుండా ఉండి రాలిపోతుంది. అదే కుదురు నుంచి మళ్లీ కొత్తది మొలుస్తుంది. దువ్వెనలో చిక్కిన వెంట్రుకను వెలుతురులో పట్టుకుని చూడండి. కొసన సూదిమొనంత తెల్లటి బుడిపె కనిపిస్తే అది కాలం తీరి రాలినది. ‘కుదుళ్లతో సహా ఊడిపోతోంది’ అని చాలామంది కంగారు పడేది ఈ బుడిపెను చూసే. కుదురు ఎక్కడికీ పోలేదు, మాడులోనే ఉంది. రెండు కొసల్లో ఎక్కడా బుడిపె లేకపోతే ఆ వెంట్రుక మధ్యలో తెగిందని అర్థం. అలాంటప్పుడు రంగులు, జుట్టు తిన్నగా చేయించుకోవడం, తడి తలను దువ్వడం మానేయాలి కానీ మందులతో పని లేదు. గల్ఫ్ నుంచి వచ్చినవారు తరచుగా అక్కడి నీళ్లను నిందిస్తుంటారు. ఉప్పునీళ్లు జుట్టును గరుకుగా చేసి తెగేలా చేయగలవు గానీ బట్టతల తెప్పించవు.

డెంగీ, టైఫాయిడ్, కొవిడ్, కాన్పు, పెద్ద శస్త్రచికిత్స, ఒక్కసారిగా తిండి మానేసి బరువు తగ్గడం: వీటిలో ఏదైనా జరిగిన రెండు మూడు నెలలకు తలంతా ఒకే తీరుగా, గుప్పెళ్లకొద్దీ రాలితే భయపడకండి. చూడటానికి ఇదే అన్నిటికన్నా ఘోరంగా ఉంటుంది, తనంతట తాను తగ్గేదీ ఇదే. కారణం తొలగితే సాధారణంగా ఆరు నెలల్లో సర్దుకుంటుంది. కడుపునిండా పప్పు, గుడ్లు, పాలు తీసుకుంటూ ఓపిక పట్టండి.

మగవారిలో కణతల దగ్గర జుట్టు వెనక్కి జరుగుతూ, సుడి దగ్గర పలచబడుతూ ఉంటే అది వంశపారంపర్యంగా వచ్చే బట్టతల. ఆడవారిలో నుదుటి అంచు అలాగే ఉండి పాపిడి వెడల్పవుతుంది. డైహైడ్రోటెస్టోస్టిరాన్ అనే హార్మోను ప్రభావంతో మగవారి కుదుళ్లు కుంచించుకుపోయి, మొలిచిన ప్రతిసారీ వెంట్రుక మునుపటికంటే సన్నగా, పొట్టిగా వస్తుంది. మేనమామకు బట్టతల ఉంటేనే మనకూ వస్తుందన్న మాట నిజం కాదు. ఇది తల్లి వైపు నుంచీ రావచ్చు, తండ్రి వైపు నుంచీ రావచ్చు. మినాక్సిడిల్ ప్రధానంగా ఈ రకానికే.

రూపాయి బిళ్లంత మేర నున్నగా ఊడితే పేనుకొరుకుడు. దీనికి పేనుతో ఏ సంబంధమూ లేదు. మన రోగనిరోధక వ్యవస్థే కుదుళ్ల మీద దాడి చేయడం వల్ల వస్తుంది. దయచేసి గురువింద గింజలు నూరి రాయకండి. ఆ గింజలో అబ్రిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. మాడు కాలి పుండ్లు పడి వచ్చినవారిని చూస్తే కడుపు తరుక్కుపోతుంది. చర్మవైద్యులు ఆ మచ్చలోకే స్టిరాయిడ్ సూదిమందు ఇస్తారు, చాలామందికి జుట్టు తిరిగి వస్తుంది.

ఇక మాడు ఎర్రబడి మంట, నొప్పి ఉన్నా, చీము పట్టినా, ఊడినచోట చర్మం రంధ్రాలే లేకుండా మెరుస్తున్నా ఈ వ్యాసం పక్కన పెట్టి ఆ వారంలోనే చర్మవైద్యులను కలవండి. కుదురు మచ్చకట్టిపోతే అక్కడ జుట్టు మళ్లీ రాదు.

ఆడవారు హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్ పరీక్షలు చేయించుకోకుండా ఏ చికిత్సా మొదలుపెట్టవద్దు. ఒక జాగ్రత్త: జుట్టు కోసమని అందరూ మింగే బయోటిన్ అనే విటమిన్ మాత్రలు థైరాయిడ్ పరీక్ష ఫలితాన్ని తారుమారు చేయగలవు. రక్తం ఇచ్చేముందు ఆ సంగతి వైద్యులకు చెప్పి, ఎన్ని రోజులు ఆపాలో అడగండి.

కావలసినవి

మగవారికి 5 శాతం మినాక్సిడిల్ ద్రావణం, ఆడవారికి వైద్యులు చెప్పిన మోతాదు. సీసాతోపాటు 1 మిల్లీలీటరు గీత ఉన్న డ్రాపర్ ఉండాలి. స్ప్రే మూత వాడకండి, అందులో సగం మందు జుట్టు మీదే పడుతుంది. ద్రావణంతో దురద పెడితే నురగ రూపంలో దొరికేది తీసుకోవచ్చు. తోక దువ్వెన, అద్దం, ఫోను చాలు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ మందు ముట్టవద్దు. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు వైద్యులను అడగనిదే మొదలుపెట్టవద్దు.

మొదలుపెట్టే రోజున ఒకే చోట, ఒకే వెలుతురులో నుదురు, నడినెత్తి, పాపిడి ఫొటోలు తీసుకోండి. నెలకోసారి అక్కడే మళ్లీ తీయండి. రోజూ అద్దంలో వెతుక్కుంటే ఏమీ తెలియదు.

రాసుకోవడం: అందరూ తప్పేది ఇక్కడే

మాడు పూర్తిగా పొడిగా ఉండాలి. తలస్నానం చేసి పైపైన తుడుచుకుని రాస్తే మందు నీళ్లతో కలిసి కారిపోతుంది. నూనె పెట్టిన తల మీద మందు అసలు రాయవద్దు. నూనె లేనిదే ఉండలేని వారు తలస్నానానికి గంట ముందు పెట్టుకుని కడిగేసుకోండి. కొబ్బరినూనె వెంట్రుకను తెగకుండా కాపాడుతుంది, అంతవరకు మంచిదే. కుదురును మాత్రం అది పెంచలేదు.

ఇప్పుడు పలచబడిన చోట తోక దువ్వెనతో ఒక పాపిడి తీయండి. ఎడమచేతి వేళ్లతో జుట్టును రెండు పక్కలకు అదిమి పట్టండి. తెల్లగా మాడు గీత కనిపించాలి. అది కనిపించకపోతే డ్రాపర్ ఎత్తకండి. డ్రాపర్ కొనను ఆ గీతకు దాదాపు ఆనించి మూడు నాలుగు చుక్కలు వదలండి. చల్లగా తగిలిందంటే మాడుకు చేరినట్లే. చల్లదనం తెలియలేదంటే అది జుట్టు మీద పడింది. వేలి కొసతో మెల్లగా సర్దండి, మర్దన చేయకండి. వేలిమందం పక్కకు జరిగి ఇంకో పాపిడి తీయండి. ఇలా అయిదారు గీతలకు కలిపి 1 మిల్లీలీటరు సరిపోవాలి. పలచబడిన మేరంతా తడవాలి, ఒత్తుగా ఉన్నచోటికి అక్కర్లేదు.

త్వరగా రావాలని రెండింతలు పోయకండి. మినాక్సిడిల్ మొదట రక్తపోటుకు ఇచ్చిన మాత్ర. అది మింగినవారి ఒళ్లంతా వెంట్రుకలు పెరగడం చూశాకే తలకు రాసే మందుగా తయారుచేశారు. 1988లో అమెరికాలో బట్టతలకు అనుమతి వచ్చింది. అంటే ఎక్కువైతే ఒంట్లోకి ఇంకి పాత పనే చేస్తుంది: గుండెదడ, తల తిరగడం, కాళ్ల వాపు. ఇవి కనిపిస్తే వెంటనే ఆపి వైద్యులను కలవండి. ఇంట్లో సూదుల రోలర్‌తో మాడు గీరి, ఆ వెంటనే మందు పోసేవారు ఇదే ప్రమాదం కొనితెచ్చుకుంటున్నారు.

నుదుటి మీదికి కారిన మందు తడిగుడ్డతో తుడవండి, లేకపోతే అక్కడా నూగు మొలుస్తుంది. చేతులు సబ్బుతో కడగండి. రాశాక కనీసం నాలుగు గంటలు తల తడపకండి. పూర్తిగా ఆరాకే హెల్మెట్ పెట్టుకోండి. రాత్రి పూట మందు భోజనానికి ముందే రాయాలి. పడుకునే ముందు రాస్తే అది దిండుకు, దిండు నుంచి ముఖానికి, పక్కలో పడుకున్న పసిపిల్లలకు అంటుతుంది. ఇంట్లో పిల్లి ఉంటే మరీ జాగ్రత్త. కొద్దిగా నాకినా దాని ప్రాణానికే ముప్పు.

ద్రావణం రోజుకు రెండు పూటలు. ఒక పూట తప్పితే తప్పింది, తర్వాతి పూట రెండింతలు రాయవద్దు. 60 మిల్లీలీటర్ల సీసా నెల రోజులు రావాలి. మూడు వారాల్లో అయిపోయిందంటే ఎక్కువ పోస్తున్నారు, రెండు నెలలు వచ్చిందంటే పూటలు ఎగ్గొడుతున్నారు.

రెండో వారం నుంచి రెండు నెలల లోపు జుట్టు మునుపటికంటే ఎక్కువ రాలవచ్చు. సగంమంది మందు పారేసేది ఈ దశలోనే. దయచేసి ఆగకండి. విశ్రాంతిలో ఉన్న పాత వెంట్రుకలను కొత్త మొలక తోసేయడం వల్లే ఇలా రాలుతుంది. ఇది పనిచేస్తున్న మందు లక్షణం. నాలుగు నెలల వరకు ఏమీ కనిపించకపోవచ్చు. ఆరు నెలల ఫొటోను మొదటి ఫొటో పక్కన పెట్టి చూసి అప్పుడు నిర్ణయించుకోండి. ఇంకో సంగతి ముందే తెలియాలి: ఆపితే మూడు నాలుగు నెలల్లో, వచ్చిన జుట్టంతా పోతుంది. ఏళ్ల తరబడి రాయగలమనుకుంటేనే మొదలుపెట్టండి.

ఈలోగా చుట్టాలు గుండు చేయించుకోమంటారు. మొక్కు ఉంటే తిరుమలలో తలనీలాలు నిశ్చింతగా ఇవ్వండి, ఒత్తుగా వస్తుందన్న ఆశతో మాత్రం వద్దు. కత్తి తగిలేది చర్మం పైనే, కుదురుకు కాదు. తెగిన కొస మొద్దుగా ఉండటం వల్ల కొద్దిరోజులు ఒత్తుగా అనిపిస్తుంది, అంతే.

మందు చాలకపోతే

మగవారికి 1 మిల్లీగ్రాము ఫినాస్టెరైడ్ మాత్ర ఉంది. వైద్యుల చీటీ లేకుండా వాడకండి. కొందరిలో కోరిక తగ్గడం, అంగస్తంభన సమస్యలు, దిగులు రావచ్చు. ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్‌ఏ పరీక్షలో అంకె సగానికి పడిపోతుంది కాబట్టి ఆ పరీక్ష రాసిన వైద్యుడికి ఈ మాత్ర సంగతి చెప్పాలి. వాడుతున్నన్నాళ్లూ, ఆపిన నెల వరకూ రక్తదానం చేయకూడదు. విరిగిన మాత్రను గర్భిణులు చేత్తో కూడా ముట్టకూడదు.

జుట్టు మార్పిడి చివరి మాట. తల వెనక భాగంలోని కుదుళ్లను తీసి ముందు నాటుతారు, వాటి మీద డైహైడ్రోటెస్టోస్టిరాన్ హార్మోను ప్రభావం తక్కువ. డబ్బు కట్టేముందు శస్త్రచికిత్స చేసేది ఏ వైద్యుడో, ఆయన మొదటినుంచి చివరిదాకా గదిలో ఉంటాడో లేదో అడగండి. నాటాక కూడా మందు మానకూడదు, ఎందుకంటే పక్కనే ఉన్న పాత జుట్టు పలచబడటం ఆగదు.