దమ్ముకు దిగే ముందు ట్రాక్టర్ పవర్ స్టీరింగ్: బరువెక్కిందని స్క్రూ బిగించకండి

సోమశిల ప్రాజెక్టు నీళ్లు కాలువల్లోకి వచ్చి, అక్టోబరులో ఈశాన్య రుతుపవనం వానలు పట్టుకున్నాయంటే నెల్లూరు జిల్లా కోవూరు, విడవలూరు, ఇందుకూరుపేట, బుచ్చిరెడ్డిపాళెం వైపు ట్రాక్టర్లకు రాత్రీ పగలూ వరినాటుకు అడుసు చేసే దమ్ము పనే. రోడ్డు మీద ట్రాలీ లాగేటప్పుడు తేలిగ్గా తిరిగిన స్టీరింగ్ అడుసులో మొరాయిస్తుంది. కారణం తేలికే. రోడ్డు మీద ఇంజను గట్టిగా తిరుగుతుంది, చక్రం కొంచెం తిప్పితే చాలు. కయ్యలో, అంటే మడిలో, బండి నడక వేగంతో పోతుంది, ముందు చక్రాలు బురదలో కూరుకుని ఉంటాయి, కయ్య చివరికి వచ్చిన ప్రతిసారీ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పాలి. పాత లోపాలన్నీ అక్కడే బయటపడతాయి. అందుకే ఈ పరీక్షలు దమ్ముకు కనీసం పది రోజుల ముందు పెట్టుకోండి. సీజన్ మొదలయ్యాక మెకానిక్ దొరకడు, దొరికినా సామాను దొరకదు.

ముందు బరువు ఏ రకందో తేల్చుకోవాలి. బండిని గట్టి నేల మీద నిలిపి, వెనక చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టి, ముందు ఇరుసును జాకీతో లేపి, కింద గట్టి చెక్కదిమ్మెలు పేర్చండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద చెయ్యి పెట్టొద్దు. ఇంజను ఐడిల్‌లో ఉంచి స్టీరింగ్ ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పండి. చక్రాలు గాల్లో ఉన్నా బరువుగానే ఉందంటే తప్పు చాలావరకు నూనెది కాదు. ముందు చక్రం పక్కకు తిరిగే ఇరుసు కొస పిన్ను (కింగ్ పిన్) బుష్‌లు ఎండిపోయో, రెండు ముందు చక్రాలను కలిపే టై రాడ్ చివరి కీలు (టై రాడ్ ఎండ్) పట్టేసో, స్టీరింగ్ కాలమ్ ఒరుసుకునో ఉంటుంది. గాల్లో తేలిగ్గా ఉండి నేల మీద మెల్లగా తిప్పినా బరువుగా ఉంటే ప్రెజర్ తక్కువో, టైరు గాలి తక్కువో, ముందు బరువు ఎక్కువో. మెల్లగా తిప్పితే తేలిక, గబుక్కున తిప్పితే చేతికి అడ్డం పడుతోందా? అది నూనె చాలకపోవడం. ఒక్క వైపే బరువంటే చక్రాలను తిప్పే స్టీరింగ్ సిలిండర్, నలిగిన హోస్, ఆ పక్క కింగ్ పిన్, ఈ మూడూ చూడాలి.

గబుక్కున తిప్పితేనే బరువయ్యే ఆ మూడో రకం గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే చాలామంది పొరపడేది అక్కడే. ఇప్పటి పవర్ స్టీరింగ్ ట్రాక్టర్లలో ఎక్కువ వాటికి స్టీరింగ్‌కూ ముందు చక్రాలకూ మధ్య ఇనుప రాడ్డు సంబంధం లేదు. స్టీరింగ్ కింద ఆర్బిట్రాల్ ఉంటుంది. మీరు తిప్పిన మేరకు అది నూనెను కొలిచి సిలిండర్‌కు పంపుతుంది. ఒక లెక్క చూడండి. ఆర్బిట్రాల్ ఒక చుట్టుకు 80 సీసీ పంపేదైతే, మీరు సెకనుకు ఒక చుట్టు తిప్పితే నిమిషానికి 4.8 లీటర్లు కావాలి. పంపు చుట్టుకు 8 సీసీది, ఇంజనుతో సమానంగా తిరుగుతుందనుకుందాం. 750 ఆర్‌పీఎం ఐడిల్‌లో 6 లీటర్లు రావాలి. అరిగిన పంపు లోపలే దాదాపు 2 లీటర్లు కారిపోతే మిగిలేది 4. అవసరం 4.8, వచ్చేది 4. ఆ తేడాను మీ చేతులు భరిస్తాయి. అదే ఇంజనును 1200కు లేపితే 9.6 లీటర్లలో కారేది పోను 7.6 మిగులుతుంది, స్టీరింగ్ వేలితో తిరుగుతుంది.

ప్రెజర్ హద్దు దాటకుండా నూనెను వెనక్కి వదిలేది రిలీఫ్ వాల్వ్. దాని స్క్రూ బిగించినా, స్ప్రింగ్ కింద షిమ్ (పలచటి రేకు) వేసినా పెరిగేది ప్రెజర్, నూనె పరిమాణం కాదు. నూనె చాలక వచ్చిన బరువు దానితో తగ్గదు. కానీ కట్ట దగ్గర బురదలో చక్రం ఇరుక్కున్నప్పుడు ఆ పెరిగిన ప్రెజర్ హోస్‌ను చింపుతుంది, పంపు సీలును తోసేస్తుంది, టై రాడ్‌ను వంచుతుంది. దయచేసి ఆ స్క్రూ జోలికి అంచనాతో పోవద్దు. చూడాల్సిందే అయితే పంపు ప్రెజర్ లైనులో టీ జాయింట్ వేసి 0–250 బార్ గేజీ పెట్టించండి. నూనె వేడెక్కాక స్టీరింగ్‌ను చివరకు తిప్పి 5 సెకన్లకు మించకుండా పట్టి అంకె చూసుకోవాలి. మీ మోడల్ పుస్తకంలో ఉన్న అంకెకు అది సరిపోతే వాల్వ్ బాగున్నట్టే, వదిలేయండి. తక్కువ చూపిస్తే ముందు పంపు అరుగుదల, తర్వాత సిలిండర్ లీకు, ఆఖరున వాల్వ్.

సిలిండర్ లోపల కారుతోందో లేదో గేజీ లేకుండానే తెలుస్తుంది. ఇంజను ఐడిల్‌లో స్టీరింగ్‌ను చివరిదాకా తిప్పి, అక్కడ కొద్దిగా ఒత్తిడి పెట్టండి. చక్రాలు ఆగిపోయినా స్టీరింగ్ ఆగకుండా అదే వైపు జారుతూ తిరుగుతోందంటే సిలిండర్ సీలో, ఆర్బిట్రాలో నూనెను వదిలేస్తున్నాయి. ఏదో తేల్చడానికి సిలిండర్ హోస్‌లు తీసి, ఆ కొసలకు ప్రెజర్‌కు ఆగే ఇనుప ప్లగ్గులు బిగించి మళ్లీ చూస్తారు. చెక్క బిరడాలు, గుడ్డలు కుక్కితే అవి తూటాల్లా ఎగిరిపోతాయి. ఈ పని మెకానిక్ చేత చేయించండి. ఆర్బిట్రాల్‌ను కొట్టం కింద కూర్చుని విప్పడం అసలే వద్దు. లోపలి గేర్ సెట్టు ఒక్క పన్ను తప్పి కూర్చుంటే, ఇంజను స్టార్ట్ చేయగానే స్టీరింగ్ దానంతటదే గిర్రున తిరుగుతుంది. చేతి వేళ్లు విరుగుతాయి.

నూనె విషయంలో మూడు మాటలు. మీ బండికి వేరే రిజర్వాయర్ ఉందో, గేర్‌బాక్స్ నూనె నుంచే స్టీరింగ్ పనిచేస్తుందో ముందు తెలుసుకోండి. పుస్తకంలో రాసిన రకమే పోయాలి. చేతికి దొరికిందని బ్రేక్ ఆయిల్ ఒక్క గుక్కెడు పోసినా సీళ్లు ఉబ్బిపోయి మెత్తబడతాయి, ఆ తర్వాత మొత్తం కడిగి సీళ్లన్నీ మార్చాల్సిందే. నూనె పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయి, సాధారణంగా వానలో నిలిపిన బండికి మూత రంధ్రం గుండా చేరతాయి. నురగ కడుతోందంటే పంపు పీల్చే వైపు ఎక్కడో గాలి లాగుతోంది: క్లిప్పు వదులై ఉంటుంది, హోస్ పగిలి ఉంటుంది, మట్టం తగ్గి ఉంటుంది. మట్టం చూసేటప్పుడు బండి సమంగా, చక్రాలు నేరుగా, ఇంజను ఆపి ఉండాలి. ఫిల్టర్ మార్చే గంటలు దగ్గరపడి ఉంటే సీజన్ అయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే మార్చేయండి.

నూనెలో చేరిన గాలి తీయడానికి కూడా ముందు ఇరుసు పైకి లేచే ఉండాలి. రిజర్వాయర్ నింపి, ఐడిల్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు నింపాదిగా పది పన్నెండు సార్లు తిప్పండి. చివర్లో ఆపి పట్టొద్దు. రెండు మూడు సార్లకోసారి నూనె చూసి పోయండి. నురగ, గరగర ఆగితే గాలి పోయినట్టు.

లీకు వెతికేటప్పుడు మాత్రం ఒక్క సంగతి మరవకండి. ఇంజను తిరుగుతుండగా హోస్ మీద చేత్తో తడమొద్దు. సూది బెజ్జం లాంటి చోటు నుంచి వచ్చే నూనె చర్మంలోకి దూసుకుపోతుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, నొప్పి కూడా పెద్దగా ఉండదు, కానీ కొన్ని గంటల్లో లోపలి కండ కుళ్లడం మొదలై వేలు తీసేయాల్సి రావచ్చు. అట్టముక్క పెట్టి చూడండి. ఎవరికైనా గుచ్చుకుంటే తెల్లారేదాకా ఆగకుండా ఆపరేషన్ చేసే ఆసుపత్రికి తీసుకెళ్లి, నూనె చర్మంలోకి పోయిందని డాక్టరుకు స్పష్టంగా చెప్పాలి.

ముందు ఇరుసు పని తక్కువ ఖర్చుది, ఎక్కువ ఫలం ఇచ్చేది. కింగ్ పిన్‌లు, ఇరుసు మధ్య పిన్ను, నిపిల్ ఉన్న ప్రతి కీలు, అన్నిటికీ పాత గ్రీజు బురదతో బయటికి వచ్చేదాకా గ్రీజు కొట్టండి. దమ్ము రోజుల్లో ఇది ప్రతి సాయంత్రం బండి కడిగిన వెంటనే జరగాలి. నిపిల్ మూసుకుపోయి గ్రీజు ఎక్కకపోతే నిపిల్ మార్చండి, ఎక్కిందిలే అని వదిలేయకండి. టై రాడ్ ఎండ్ నట్టుకు స్ప్లిట్ పిన్నే ఉండాలి, మేకూ బైండింగ్ వైరూ పనికిరావు. స్టీరింగ్ ఆట (చక్రాలు కదలకుండా స్టీరింగ్ ఉత్తినే తిరిగే మేర) ఇంజను ఐడిల్‌లో, చక్రాలు నేరుగా ఉన్నప్పుడు అంచు దగ్గర కొలవండి. చక్రాలు కదలక ముందే రెండంగుళాలు దాటి పోతుంటే రాడ్డు ఎండ్‌లూ కాలమ్ స్ప్లైనూ చూడాలి.

టో-ఇన్ అంటే ముందు చక్రాలు ముందు వైపు కాస్త లోపలికి తిరిగి ఉండే మేర. ఆ కొలత హబ్ ఎత్తులో, రెండు రిమ్ముల అంచుల మధ్య, ముందొకసారి వెనకొకసారి తీస్తారు. ముందు కొలత వెనక దానికంటే కొన్ని మిల్లీమీటర్లు తక్కువ ఉండాలి. టూ వీల్ డ్రైవ్ బండ్లకు తరచుగా 3 నుంచి 6 మి.మీ. మధ్య రాస్తారు, మీ పుస్తకంలో ఉన్నదే ఖాయం. టైర్లలో గాలి రెండు వైపులా సమానంగా ఉండాలి. ఎడమ కుడి తేడా ఉంటే స్టీరింగ్ ఒక వైపు లాగుతుంది, దాన్ని పంపు తప్పనుకుంటారు.

ఇక కయ్యలో దిగాక. మలుపుకు ముందే ఇంజనును 1200 దగ్గరికి లేపి, గొర్రు గానీ రోటావేటర్ గానీ పైకెత్తి, బండి కదులుతుండగానే తిప్పండి. నిలబడిన బండి చక్రాన్ని అడుసులో తిప్పడమే అన్నిటికంటే పెద్ద భారం. రోటావేటర్ ఎత్తగానే ముందు భాగం తేలికవుతుంది. చక్రాలు నేలకు ఆనకపోతే స్టీరింగ్ ఎంత తిప్పినా బండి తిరగదు, కాబట్టి ముందు బరువులు పూర్తిగా తీసేయొద్దు. మలుపుకు విడి బ్రేకు వాడుకున్నా, గట్టు దాటి రోడ్డెక్కే ముందు రెండు పెడళ్లకూ లాక్ వేయాల్సిందే. ఒక్క పక్క బ్రేకు పడితే కాలువ కట్ట మీద బండి బోల్తా పడుతుంది.

ఇంజను ఆగిపోతే ఆర్బిట్రాల్ చేతి పంపులా పనిచేస్తుంది, స్టీరింగ్ తిరుగుతుంది కానీ చాలా బలం కావాలి. కట్ట దిగుడులో ఇంజను ఆపి బండిని జారనివ్వడం ఈ కారణానికే ప్రాణం మీదికి తెచ్చుకోవడం. కొత్తగా నడిపే కుర్రాడికి ఈ సంగతి ముందే చెప్పండి. ఒకసారి ఖాళీ మైదానంలో ఇంజను ఆపి, తిప్పి చూపించండి. చాలా ఆర్బిట్రాల్ బండ్లలో మలుపు తర్వాత స్టీరింగ్ దానంతటదే వెనక్కి రాదు, చేత్తో తెచ్చుకోవాలి. అది లోపం కాదు, దానికోసం ఏదీ బిగించొద్దు.

సముద్రం దగ్గరి మండలాల్లో, రొయ్యల గుంటల పక్క కయ్యల్లో ఉప్పు నీరు సిలిండర్ రాడ్డును తొందరగా తింటుంది. తుప్పు గుంటలు పడ్డ రాడ్డు, ఎన్ని కొత్త సీళ్లు వేసినా వాటిని కోసేస్తుంది. సాయంత్రం మంచినీళ్లతో కడిగి, స్టీరింగ్ రెండు వైపులా తిప్పి రాడ్డు పూర్తిగా బయటికి వచ్చినప్పుడు గుడ్డతో తుడిచి, పలచగా గ్రీజు పూయండి. రాడ్డుకు చుట్టుకున్న గడ్డీ పాలిథీన్ ముక్కలూ చేత్తో లాగేసి, ఎండిన బురద గోకడానికి ఇనుప ముక్క కాకుండా చెక్క ముక్క వాడండి.